ముహూర్తం పెట్టుకున్నాక పనులు

మన ఇళ్లలో పెళ్లి పనులు ఎలా మొదలవుతాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు ముహూర్తం పెట్టుకుంటాం. ఆ తేదీ కాగితం మీదికి వచ్చాక వెనక్కి లెక్కపెడతాం. మండపం ఎప్పటిలోగా మాట్లాడుకోవాలి, శుభలేఖలు ఎప్పుడు అచ్చుకివ్వాలి, చీరలకు ధర్మవరం ఎప్పుడు వెళ్లాలి, వంటవాళ్లకు బయానా ఎప్పుడివ్వాలి. ముహూర్తం లేకుండా శుభలేఖలు అచ్చు వేయించిన ఇల్లు నేనెక్కడా చూడలేదు.

అదే మనవాళ్లు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో పిల్లల్ని చేర్పించాక ఈ పద్ధతిని మరిచిపోతారు. రెండేళ్ల తర్వాత ఏ విశ్వవిద్యాలయానికి, ఏ మేజర్‌కు మారాలన్నది తేల్చుకోకుండానే మొదటి సెమిస్టర్ కోర్సులు ఎంచుకుంటారు. స్నేహితుడు తీసుకున్నాడని ఒకటి, పొద్దున్నే లేవక్కర్లేదని ఒకటి, మార్కులు తేలిగ్గా పడతాయని ఇంకొకటి.

మా అక్క కొడుకు ఫ్రీమాంట్‌లో హైస్కూల్ పూర్తిచేసి అలాగే చేరాడు. మెకానికల్ ఇంజినీరింగ్ వాడి కోరిక. మొదటి ఏడాది సైకాలజీ, సినిమా చరిత్ర, బిజినెస్ పరిచయం లాంటివి చదివాడు. అన్నిట్లోనూ మంచి గ్రేడ్లే. ఇంట్లో అందరం సంతోషించాం, నేను కూడా. రెండో ఏడాది సెప్టెంబరులో ఒక ఆదివారం భోజనాల దగ్గర కూర్చుని, "మామయ్యా, ఫిజిక్స్ మూడు భాగాలట. ఒకటయ్యాకే ఇంకొకటి ఇస్తారట. నేను ఇంకా మొదటిదే మొదలెట్టలేదు" అన్నాడు. "మరి ముందే చూసుకోలేదా నాన్నా?" అని అడిగాను. "ఎవరూ చెప్పలేదు మామయ్యా" అన్నాడు. నిజమే, ఎవరూ చెప్పలేదు. వాడూ అడగలేదు, మేమూ అడగలేదు. రెండేళ్లలో అవ్వాల్సింది మూడేళ్లు పట్టింది. తెలివి తక్కువై కాదు, శ్రద్ధ తక్కువై అంతకన్నా కాదు. కోర్సుల వరస తప్పింది, అంతే. ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ ఒక్క ఏడాది.

ఇక్కడ చెప్పేదంతా కాలిఫోర్నియా సంగతి. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ ఫ్రీమాంట్, శాన్ హోసే, కూపర్టినో పరిసరాల్లో ఓలోనీ, డి ఆంజా, ఫుట్‌హిల్ వంటి కాలేజీలు ఇంటి పక్కనే ఉంటాయి. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లకు పేర్లు, గడువులు మారతాయి, వెనక్కి లెక్కపెట్టే పద్ధతి మారదు.

ముందు ఒక సంకోచం తీర్చాలి. కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్ల ముఖం చిన్నబోతుంది. "సీటు రాలేదా?" అని నలుగురూ అడుగుతారేమోనన్న బెంగ. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరేవాళ్లను చూడలేదా? వాళ్లలో ఎందరు మంచి ఇంజినీర్లు అయ్యారో మీ బంధువుల్లోనే లెక్క తేలుతుంది. ఇదీ అలాంటి దారే. ఇక్కడ రెండేళ్లు చదివి విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరంలోకి వెళ్తారు. కాలిఫోర్నియా 1960లో ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ రాసుకున్నప్పుడే ఈ దారిని వ్యవస్థలో భాగంగా పెట్టింది. ఇవాళ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోకి, అంటే అందరూ యూసీ అనే వ్యవస్థలోకి, ట్రాన్స్‌ఫర్ అయి వచ్చేవాళ్లలో అత్యధికులు ఈ కాలేజీల వాళ్లే. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ కూడా డి ఆంజాలో చదివి ఆ తర్వాత బర్కిలీకి వెళ్లినవాడే.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు. ట్రాన్స్‌ఫర్‌కు కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు, చిల్లర ఫీజులు, పుస్తకాలు అదనం. యూసీలో ఒక్క ఏడాదికి ట్యూషన్, ఫీజులు కలిపి 15 వేల డాలర్ల దరిదాపు, హాస్టల్, భోజనం కాకుండా. రెండేళ్ల తేడా ఎంతో మీరే వేసుకోండి. అయితే ఈ ఆదా అంతా రెండేళ్లలో బయటపడితేనే. మూడో ఏడాదికి సాగితే ఒక ఏడాది జీతం వెనక్కి పోయినట్టే.

ఇప్పుడు ముహూర్తం పెట్టడం. ఒక తెల్ల కాగితం తీసుకుని అడుగున రాయండి: ఏ సంవత్సరం ఆగస్టు లేదా సెప్టెంబరులో, ఏ క్యాంపస్‌లో, ఏ మేజర్‌లో చేరాలి. ఒక్క క్యాంపస్ పేరే రాయొద్దు, మూడు నాలుగు రాయండి. మేజర్ మాత్రం వీలైనంత వరకు ఒకటే ఉండాలి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి అంత తేటగా ఎలా తెలుస్తుందంటారా? తెలియకపోవచ్చు. అయినా రాయాలి. తర్వాత మార్చుకోవచ్చు, కానీ ఏదో ఒకటి రాస్తేనే వెనక్కి లెక్కపెట్టడం సాధ్యమవుతుంది. ఇంజినీరింగా, ఎకనామిక్సా అని ఊగిసలాడుతుంటే ఇంజినీరింగ్ లెక్కనే పట్టుకోండి. అందులో గణితం బరువెక్కువ. బరువైన దాని నుంచి తేలిక దానికి దిగడం సులభం. ఏడాదిన్నర తర్వాత తేలిక దాని నుంచి బరువైన దానికి ఎక్కడం కష్టం.

కాగితం అడుగున పేర్లు రాశాక అసిస్ట్ వెబ్‌సైట్ తెరవండి. ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, అంటే యూసీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్) రెండూ, కమ్యూనిటీ కాలేజీలతో కుదుర్చుకున్న కోర్సు ఒప్పందాలన్నీ అధికారికంగా అక్కడే ఉంటాయి. మీ కాలేజీ, మీరు కోరే క్యాంపస్, మేజర్, విద్యా సంవత్సరం ఎంచుకుంటే ఎడమవైపు విశ్వవిద్యాలయం కోరే కోర్సు, కుడివైపు మీ కాలేజీలో దానికి సరితూగే కోర్సు కనిపిస్తాయి. కొన్నిచోట్ల కుడివైపు, సరితూగే కోర్సు లేదని ఉంటుంది. దాన్ని చూసి గాబరా పడొద్దు. ఆ కోర్సు ఇంకో కమ్యూనిటీ కాలేజీలో దొరకొచ్చు. దొరికితే అక్కడ ఒక్కటే చదివి రావచ్చు.

ఒకే మేజర్‌కు వేర్వేరు క్యాంపస్‌లు వేర్వేరు కోర్సులు అడుగుతాయి. ఒకటి కెమిస్ట్రీ కావాలంటుంది, ఇంకొకటి అడగదు. అందుకే మీరు రాసుకున్న మూడు నాలుగు క్యాంపస్‌ల ఒప్పందాలు పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిట్లోనూ ఉన్న కోర్సులు మీకు తప్పనిసరి. ఒక్కదాన్లోనే ఉన్నవి చివర్లో వీలును బట్టి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ట్రాన్స్‌ఫర్‌కు మూడు రకాల లెక్కలుంటాయి, అవి వేర్వేరు. మొదటిది కనీస అర్హత. యూసీకి 60 సెమిస్టర్ యూనిట్లు, రాష్ట్ర నివాసులకు 2.4 జీపీఏ, అందులో రెండు ఇంగ్లిష్ రచన కోర్సులు, ఒక గణితం, మరో నాలుగు కోర్సులు, ఇవన్నీ సి గ్రేడ్‌కు తగ్గకుండా. ఇది గడప మాత్రమే. 2.4తో కంప్యూటర్ సైన్స్ సీటు వస్తుందనుకోవడం భ్రమ. రెండోది జనరల్ ఎడ్యుకేషన్, అంటే సాహిత్యం, చరిత్ర, సామాజిక శాస్త్రం, సైన్సు కలగలుపు. దీనికి ఇప్పుడు కాల్‌జెట్‌సీ అనే ఒకే జాబితా ఉంది. 2025 ఫాల్ నుంచి యూసీకీ, కాల్ స్టేట్‌కీ ఇదే. 11 కోర్సులు, 34 యూనిట్లు. మూడోది మేజర్‌కు ముందు చదవాల్సినవి. ఇంజినీరింగ్, సైన్స్ మేజర్లకు అసలు తూకం ఈ మూడోదే.

నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది రెండోదాన్ని ముందు పూర్తిచేస్తారు. ఎందుకంటే జాబితా చిన్నది, ఒక్కొక్కటీ గళ్లలో టిక్కు పెట్టుకోవచ్చు, పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఎకనామిక్స్‌కో సైకాలజీకో వెళ్లేవాళ్లకు అది మంచి దారే. ఇంజినీరింగ్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం అది ఉచ్చు. విశ్వవిద్యాలయంలో చేరాక మిగిలిన చరిత్ర కోర్సు చదువుకోవచ్చు. కాల్క్యులస్, ఫిజిక్స్ మిగిలిపోతే మాత్రం లోపలికే రానివ్వరు.

అందుకని కాగితం మీద ముందు పొడవైన గొలుసు వేయండి. కాల్క్యులస్ మూడు భాగాలు, ఆ తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఇంజినీర్ల ఫిజిక్స్ మూడు భాగాలు, దాని మొదటి భాగానికి కాల్క్యులస్ మొదటి భాగం ముందుండాలి. ఇప్పుడు చివరి సెమిస్టర్ నుంచి వెనక్కి రండి. నాలుగో సెమిస్టర్‌లో ఫిజిక్స్ మూడో భాగం పెట్టాలంటే మూడోదాన్లో రెండో భాగం, రెండోదాన్లో మొదటి భాగం ఉండాలి. అంటే మొదటి సెమిస్టర్‌లోనే కాల్క్యులస్ మొదలవ్వాలి. ఒక్క సెమిస్టర్ కూడా జారడానికి వీల్లేదు. మా అక్క కొడుకు జార్చుకున్నది ఇదే. ఒకవేళ కాల్క్యులస్‌కు ముందు మెట్టు, ప్రీకాల్క్యులస్, చదవాల్సి వస్తే దాన్ని కాలేజీ మొదలయ్యే ముందు వేసవిలోనే ముగించండి. హైస్కూల్లో ఏపీ కాల్క్యులస్ పరీక్షలో మంచి స్కోరు ఉంటే గొలుసు ఒకటి రెండు లంకెలు చిన్నదవుతుంది, కానీ ఆ స్కోరును మీ క్యాంపస్, మీ మేజర్ ఎంతవరకు ఒప్పుకుంటుందో ముందే చూసుకోండి.

గొలుసు వేశాక మిగిలిన ఖాళీల్లో ఇంగ్లిష్, ప్రోగ్రామింగ్, జనరల్ ఎడ్యుకేషన్ సర్దండి. ఒక సెమిస్టర్‌లో గణితం, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ మూడూ పడితే నాలుగోదిగా ల్యాబ్ ఉన్న ఇంకో సైన్సు పెట్టకండి. బలం ఎంతున్నా పిల్లవాడు నిద్రపోవాలి కదా. ఇంకో మాట: మీ కాలేజీలో ఆ కోర్సు ప్రతి టర్మ్‌లో ఇస్తారో, ఏడాదికొకసారే ఇస్తారో గత రెండేళ్ల తరగతుల షెడ్యూలు తెరిచి చూడండి. ఫిజిక్స్ చివరి భాగం, సర్క్యూట్స్ లాంటివి కొన్ని కాలేజీల్లో ఒక్క టర్మ్‌లోనే ఉంటాయి. కేటలాగులో పేరు ఉన్నంత మాత్రాన అది ఈ టర్మ్‌లో నడుస్తుందని కాదు.

సెమిస్టర్, క్వార్టర్ తేడా దగ్గర కొంచెం ఆగాలి. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. ఓలోనీ వంటి చాలా కాలేజీలు సెమిస్టర్ పద్ధతి. ఒకటిన్నర క్వార్టర్ యూనిట్లు ఒక సెమిస్టర్ యూనిట్‌కు సమానం, కాబట్టి 60 సెమిస్టర్ యూనిట్లంటే 90 క్వార్టర్ యూనిట్లు. యూనిట్ల లెక్క తేలికే, చిక్కంతా పాఠ్యాంశాల్లో ఉంది. సెమిస్టర్ కాలేజీ రెండు ముక్కలుగా చెప్పే తొలి ఏడాది కాల్క్యులస్‌ను క్వార్టర్ కాలేజీ మూడు ముక్కలుగా కోస్తుంది. ఒకచోట మొదటి ముక్క చదివి, ఇంకోచోట రెండో ముక్కకు వెళ్తే మధ్యలో కొన్ని పాఠాలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఒప్పందాల్లో కూడా చాలావరకు మొత్తం వరసనే కలిపి ఒప్పుకుంటారు, విడి ముక్కలను కాదు. అందుకే ఒక గట్టి నియమం పెట్టుకోండి: ఏ వరస ఎక్కడ మొదలెడితే అక్కడే ముగించాలి. విడి కోర్సులను ఎక్కడైనా చదవండి. ఇల్లు మారి వేరే కాలేజీకి వెళ్లాల్సి వస్తే ఒక వరస పూర్తయ్యే టర్మ్ దాకా ఓపిక పట్టండి, కారులో అరగంట ఎక్కువైనా సరే.

కోర్సు నంబర్లు కూడా మారుతున్నాయి. రాష్ట్రమంతా ఒకే నంబర్లు ఉండాలని ఈమధ్య చట్టం వచ్చింది. 2025 ఫాల్ నుంచి మొదటి ఇంగ్లిష్ రచన కోర్సు అన్ని కాలేజీల్లోనూ ఇంగ్లిష్ సి1000 అయింది. అక్క చదివినప్పటి నంబర్ చూసి చెల్లికి కోర్సు ఎంచుకునే రోజులు పోయాయి.

గ్యారంటీ సంగతి అందరూ అడుగుతారు. యూసీలో ట్యాగ్ అనే హామీ ఉంది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లు నిర్ణీత కోర్సులు, జీపీఏ ఉన్నవారికి సీటు హామీ ఇస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో ఇవ్వవు. ఆరింటిలో ఒక్కదానికే దరఖాస్తు పెట్టాలి. అది సెప్టెంబరు 1 నుంచి 30 వరకే. అప్పటికి కనీసం 30 సెమిస్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్‌లకు కొన్ని క్యాంపస్‌లు ఈ హామీ ఇవ్వవు, కాబట్టి మీ మేజర్ జాబితాలో ఉందో లేదో చూశాకే దాని మీద ఆశ పెట్టుకోండి. ట్యాగ్ పెట్టుకున్నా అసలు దరఖాస్తు విడిగా ఇవ్వాలి. అది అక్టోబరు 1 నుంచి నవంబరు 30 వరకు. ఆ తర్వాత జనవరిలో ఫాల్ గ్రేడ్లు, వసంతంలో చదవబోయే కోర్సులు మళ్లీ నింపి పంపాలి. ఈ జనవరి పని మరిచిపోయేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు. కాల్ స్టేట్ వైపు వెళ్లేవాళ్లకు ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ అని ఒకటుంది. 2010లో వచ్చిన చట్టం దీనికి మూలం. అది చేతిలో ఉంటే ఆ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట మూడో సంవత్సరంలో సీటు ఖాయం, మిగిలిన 60 యూనిట్లతో డిగ్రీ పూర్తవుతుంది. కోరిన క్యాంపస్‌లోనే వస్తుందన్న హామీ మాత్రం లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. హైస్కూల్లో ఉండగానే వేసవిలో కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చేయించడం మనవాళ్లలో బాగా పెరిగింది. పక్కింటి అబ్బాయి నాలుగు చేశాడంటే మనవాడు ఆరు చేయాలంటాం. ఆ గ్రేడ్లు కాలేజీ గ్రేడ్లు. పదిహేనేళ్లప్పుడు తెచ్చుకున్న సి, ఆ తర్వాత ఎప్పుడు దరఖాస్తు పెట్టినా ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తుంది. సి వచ్చిన కోర్సును మళ్లీ చదివి మార్కు మార్చుకోవడం కుదరదు, డి, ఎఫ్ వస్తేనే రెండోసారి అవకాశం. చదివిన ప్రతి కాలేజీ పేరూ దరఖాస్తులో చెప్పాలి, ఒకటి దాచినా వచ్చిన సీటు పోవచ్చు. పిల్లవాడు తట్టుకోలేకపోతుంటే గడువులోగా కోర్సు వదిలేయనివ్వండి. మొదటి కొద్ది వారాల్లో వదిలితే రికార్డులో మచ్చ ఉండదు, టర్మ్‌లో మూడొంతులు గడిచేలోపు వదిలితే డబ్ల్యూ, అంటే కోర్సు వదిలేసిన గుర్తు, పడుతుంది. ఎఫ్ కంటే డబ్ల్యూ ఎంతో నయం. "మొదలెట్టింది మధ్యలో వదలకూడదు" అనే మన మొండితనం ఇక్కడ పిల్లల్ని ముంచుతుంది.

వీసా మీద ఉన్న కుటుంబాలకు ఇంకో తేదీ కాగితం మీద ఉండాలి: పిల్లవాడికి 21 నిండే రోజు. ఆ రోజుతో తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్న హెచ్-4 పోతుంది. ఎక్కువమంది విద్యార్థి వీసా ఎఫ్-1కు మారతారు. అలా మారితే రాష్ట్ర నివాసి ఫీజు పోయి బయటివాళ్ల ఫీజు పడే ప్రమాదం ఉంది. యూసీలో అది ఏడాదికి 30 వేల డాలర్లకు పైగా అదనం. రెండేళ్ల చదువు మూడేళ్లయితే ఆ 21 ఎటువైపు పడుతుందో చూసుకోండి. కాలేజీ అడ్మిషన్ల కార్యాలయంలో ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా ఎఫ్-1 మీద వచ్చే పిల్లలు టర్మ్‌కు 12 యూనిట్లు తగ్గకుండా చదవాలి. అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. పైన చెప్పిన 46 డాలర్లతో వీళ్లకు సరిపోదు, దాని మీద బయటివాళ్ల ఫీజు కూడా పడుతుంది.

ఇక కౌన్సిలర్. వాళ్లు మనకు దారి చూపుతారు, కాగితం మాత్రం మనమే రాయాలి. ఒక్కొక్క కౌన్సిలర్ దగ్గర వందల మంది విద్యార్థులుంటారు, అరగంట సమయం దొరికితే గొప్ప. ఖాళీ చేతులతో వెళ్లి "ఏం తీసుకోమంటారు?" అని అడిగితే ఆ అరగంట ట్రాన్‌స్క్రిప్టు తిరగేయడంలోనే పోతుంది. మీరు వేసిన నాలుగు సెమిస్టర్ల కాగితం, అసిస్ట్ ఒప్పందాల ప్రతులు పట్టుకెళ్లి "ఇందులో తప్పు ఎక్కడుంది?" అని అడగండి. అదే అరగంటలో మీ ప్లాన్ సరిదిద్దుకుని బయటికొస్తారు. ఏడాదికి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి చెప్పింది మరోసారి వేరే కౌన్సిలర్‌తో సరిచూసుకోవడంలో తప్పేమీ లేదు. వెళ్లాల్సింది పిల్లలే, తల్లిదండ్రులు కాదు. మీరు ఇంట్లో కూర్చుని ఆ కాగితం కలిసి వేయండి.

ఫాల్ టర్మ్ మొదలయ్యాక, సెప్టెంబరులో ట్యాగ్ గడువు దగ్గరపడేకొద్దీ కౌన్సిలర్ అపాయింట్‌మెంట్లు దొరకవు. వేసవిలో, జులైలోనే తీసుకోండి.